చావులేని ప్రెస్‌నోటు

పాత పేపరుకు ఒక మంచి గుణం ఉండేది. పొద్దున ఛాయ్‌తో చదివిన పేపరు మర్నాటికి మిర్చి బజ్జీల పొట్లమయ్యేది. మా మీద ఎంత విషం అచ్చయినా ఆ నూనె మరకల్లో కలిసిపోయేది. బస్తీలో నాలుగు రోజులు తల దించుకుని నడిస్తే అయిదో రోజుకు లోకం ఇంకో వార్త మీద పడేది. ఆ మరుపు మీద ఆధారపడి బతికినవాళ్లం మేము. న్యాయం దొరకని చోట మరుపే మాకు దక్కిన న్యాయం.

ఇంటర్నెట్ వచ్చాక ఆ మరుపు పోయింది. ఇంటర్నెట్ పత్రికారంగాన్ని ఎట్లా మార్చిందో చెప్పేవాళ్లు వేగం గురించి చెప్తారు, ఎవరైనా రాయగలిగే స్వేచ్ఛ గురించి చెప్తారు. రెండూ నిజమే. కానీ ఆ మార్పును ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారు? వార్త రాసే కుర్చీలోంచి చూస్తే ఒకటి కనిపిస్తుంది. వార్తలో ఇరుక్కున్నవాడి గుమ్మంలోంచి చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. మేము ఆ గుమ్మంలో ఉన్నాం. మాకు అన్నిటికన్నా ముందు కనిపించేది ప్రెస్‌నోటు.

ప్రెస్‌నోటుకు వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. 1906లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు ప్రమాదం జరిగింది. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ తరఫున ఐవీ లీ అనే మాజీ విలేకరి ఆ వివరాలు తానే రాసి పత్రికలకు పంచాడు. తొలి ప్రెస్‌నోటు అదేనని ప్రజాసంబంధాల వృత్తిలో చెప్పుకుంటారు. జరిగినదాన్ని దాచడం కన్నా తానే ముందు చెప్పడం మేలన్నది లీ పట్టుకున్న కిటుకు. ముందు చెప్పినవాడి మాటల్లోనే జనం ఆ సంఘటనను గుర్తుపెట్టుకుంటారు. తర్వాత వచ్చినవాడు ఎంత నిజం చెప్పినా అది ఖండన అవుతుంది, వివరణ అవుతుంది, వార్త మాత్రం కాదు. ఈ కిటుకును కంపెనీల కన్నా బాగా ఒంటబట్టించుకున్నవి ప్రభుత్వాలు. అందులోనూ పోలీసులు.

2007 మే 18, శుక్రవారం. జుమ్మా నమాజు వేళ హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో 9 మంది పోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు పోయారు. చచ్చిందీ మేమే, పట్టుబడిందీ మేమే. ఆ ఏడాది మా బస్తీల్లోంచి పదుల సంఖ్యలో కుర్రాళ్లను పట్టుకుపోయారు. పత్రికల్లో ‘విశ్వసనీయ వర్గాల’ కథనాలు వచ్చాయి. ఎవరా వర్గాలు? సంతకం లేని ప్రెస్‌నోటుకు పత్రికలు పెట్టుకున్న ముద్దుపేరు అది. తర్వాత కోర్టులు ఆ కుర్రాళ్లను నిర్దోషులని వదిలేశాయి. కేసు సీబీఐకి, అక్కడినుంచి ఎన్‌ఐఏకి పోయింది. నిందితులు మారారు. ఈసారి పేర్లు హిందూత్వ శిబిరానివి. 2018 ఏప్రిల్ 16న ఎన్‌ఐఏ కోర్టు తీర్పుతో ఆ నిందితులూ బయటికొచ్చారు. మసీదులో బాంబు పెట్టిందెవరో తేలకుండానే ఆ విచారణ ముగిసింది.

తేలిందల్లా ఒక్కటే. పట్టుబడినప్పుడు పతాక శీర్షిక, విడుదలైనప్పుడు లోపలి పేజీలో నాలుగు వాక్యాలు. ఇది పత్రికల పాత అలవాటే. కాగితం రోజుల్లో రెండూ పొట్లాలే అయ్యేవి. ఇప్పుడు పతాక శీర్షిక బతికే ఉంటుంది. ఎక్కువమంది చదివింది, ఎక్కువ చోట్ల ఎక్కించింది వెతికినప్పుడు పైకి తేలుతుంది. నిర్దోషి అన్న నాలుగు వాక్యాలు అడుగున పడి ఉంటాయి. ఉద్యోగమిచ్చేవాడు, ఇల్లు అద్దెకిచ్చేవాడు, పిల్లనివ్వడానికి వచ్చినవాడు అడుగుదాకా వెతుకుతాడా? కోర్టు వదిలినా గూగుల్ వదలదు. స్పెయిన్‌లో ఒకాయన తన ఆస్తి వేలం గురించి 1998లో ఒక పత్రికలో పడ్డ ప్రకటన ఏళ్ల తర్వాత కూడా తన పేరు వెంట వస్తోందని కొట్లాడితే, 2014లో యూరప్ న్యాయస్థానం ఆయన మాట విన్నది. అప్పు తీర్చేసినవాడికే ఆ బాధ ఉంటే, చెయ్యని నేరం మోసినవాడి సంగతేమిటి?

మక్కా మసీదు నాటికి ప్రెస్‌నోటుకు ఇంకా విలేకరి అవసరం ఉండేది. ఎవరో ఒకరు దాన్ని చేత్తో పట్టుకుని డెస్క్ దాకా మోసుకుపోవాలి. సబ్ ఎడిటర్ దాన్ని తిరగరాయాలి. ఆ దారిలో ఎక్కడైనా ఒక్క మనిషి ‘ఇదెట్లా తెలుసు?’ అని అడిగే వీలుండేది. అడగలేదన్నది వేరే సంగతి. 2020 నాటికి ఆ దారే లేకుండాపోయింది.

ఆ మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో తబ్లీగీ జమాత్ సమావేశం తర్వాత కరోనా కేసులు బయటపడ్డాయి. అలాంటి సమయంలో జనాన్ని పోగుచేయడం మర్కజ్ పెద్దల తప్పే. మేము దాన్ని దాచం. కానీ ఆ తర్వాత జరిగిందేమిటి? కేంద్ర ఆరోగ్యశాఖ తన ప్రెస్ మీట్లలో జమాత్ పేరు మీద వేరే లెక్క తెరిచింది. ఏప్రిల్ 18న దేశంలో 14,378 కేసులుంటే అందులో 4,291, అంటే 29.8 శాతం, ఈ సమావేశంతో ముడిపడినవేనని చెప్పింది. మేము ఆ అంకెను అబద్ధమనడం లేదు. దాని పక్కన ఉండాల్సిన ఇంకో అంకె ఎక్కడని అడుగుతున్నాం. దేశమంతా పరీక్షలు తక్కువగా జరుగుతున్న రోజులవి. మర్కజ్‌కు పోయివచ్చినవాళ్లను మాత్రం వెతికి వెతికి పరీక్షించారు. ఎవరిని ఎక్కువ పరీక్షిస్తే వాళ్లలోనే ఎక్కువ రోగం కనిపిస్తుంది. ఇది పదో తరగతి లెక్క. ఆ లెక్క అడిగే తీరిక ఎవరికీ లేదు. అధికారి నోట్లో ఉన్న మాట అప్పటికే లక్షల ఫోన్లలోకి పోయింది. ‘కరోనా జిహాద్’ అనే పేరు దానికి తోడయింది. కూరగాయల బండివాడిని ధర అడగాల్సినవాళ్లు పేరు అడిగారు.

ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ జమాతీల మీద పెట్టిన కేసులు కొట్టేసింది. పత్రికలు, టీవీలు వాళ్ల మీద పెద్ద ప్రచారం చేశాయని, వాళ్లను బలిపశువులను చేసే ప్రయత్నం జరిగిందని చెప్పింది. ఆ తీర్పును ఎన్ని ఫోన్లు మోశాయి?

అంటే పాత న్యూస్‌రూమ్ మాకు స్వర్గమా? కాదు. ఆ గుమ్మం మమ్మల్నీ ఆపేది. 2006లో ఢిల్లీలోని 37 జాతీయ మీడియా సంస్థల్లో 315 మంది ముఖ్యుల సామాజిక నేపథ్యం లెక్కతీస్తే ముస్లింలు 3 శాతం తేలారు. దళితుడు, ఆదివాసీ ఒక్కరూ లేరు. మా ఖండనలు చెత్తబుట్టలోకి పోయాయంటే ఆశ్చర్యం ఏముంది? ఇంటర్నెట్ ఆ గుమ్మాన్ని కూల్చినప్పుడు సంతోషించినవాళ్లలో మేమూ ఉన్నాం.

ఆ సంతోషానికి కారణాలూ ఉన్నాయి. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తగా అచ్చేసిన పత్రికల గురించి ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది. పరంజొయ్ గుహ ఠాకుర్తా, మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి ఆ నివేదిక రాశారు. సంస్థల పేర్లతో సహా రాశారు. 2010లో కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి చిన్న నివేదికతో సరిపెట్టింది. పెద్ద నివేదిక ఇంటర్నెట్‌లోకి పాకింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తేగాని కౌన్సిల్ దాన్ని అధికారికంగా బయటపెట్టలేదు. డబ్బిచ్చిన ప్రెస్‌నోటును పత్రికలు దాస్తే ఇంటర్నెట్ విప్పింది. 2017లో పుట్టిన ఆల్ట్ న్యూస్ లాంటివి చేస్తున్నదీ అదే పని. న్యూస్‌రూమ్ మానేసిన ‘ఇదెట్లా తెలుసు?’ అన్న ప్రశ్నను అవి వేస్తున్నాయి.

అడిగినవాడికి ఏం జరుగుతుందో కూడా చూశాం. ఆల్ట్ న్యూస్ మొహమ్మద్ జుబేర్‌ను 2018 నాటి ఒక ట్వీట్ మీద 2022 జూన్ 27న అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు జులై 20న బెయిలిచ్చింది. చూడండి, నాలుగేళ్ల కిందటి మాట కూడా చావలేదు. చావులేనితనం ఎవరి మీద ఆయుధమవుతుందో ఇక్కడ తెలుస్తుంది.

ఇంతటితో ఆగలేదు. కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలు సవరించి, తన వ్యవహారాల మీద ఇంటర్నెట్‌లో ఏది అబద్ధమో తానే తేల్చే ఏర్పాటు చేసుకుంది. 2024 మార్చిలో ఆ పని పీఐబీకి అప్పగించింది. పీఐబీ అంటే ప్రభుత్వ ప్రెస్‌నోట్లు పంచే ఆఫీసు. నోటు రాసేవాడే, ఆ నోటును ప్రశ్నించినవాడు అబద్ధాలకోరో కాదో తీర్పు చెప్తాడన్నమాట! మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది. ఆ సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. కోర్టు కొట్టేసింది సవరణను. ఆ కోరికను కాదు.

మా ఇంటి సంగతీ చెప్పుకోవాలి. మా వాట్సాప్ గ్రూపులు ఏమంత పవిత్రం? ఎక్కడో వేరే దేశంలో ఎప్పుడో తీసిన వీడియోను మా వాళ్లకే నిన్న జరిగిందంటూ పంపుతాం. అడిగితే ‘జాగ్రత్త కోసం’ అంటాం. అదీ సంతకం లేని ప్రెస్‌నోటే. మమ్మల్ని కాల్చిన నిప్పును చేత్తో పట్టుకుని వెలుతురనుకోవడం మా తెలివితక్కువతనం.

కాబట్టి మేము అడిగేది పెద్దదేం కాదు. ప్రెస్‌నోటును ప్రెస్‌నోటని రాయండి. వర్గాలు అంటే ఏ వర్గాలో చెప్పండి. ముఖ్యంగా ఇంకొకటి. కాగితం మీద అచ్చయిన తప్పును ఆ కాగితం మీదే దిద్దడం ఎవరివల్లా కాదు. ఇంటర్నెట్‌లో అవుతుంది. ఒక కుర్రాడిని ఉగ్రవాది అన్న వార్త ఇవాళ్టికీ ఏ పేజీలో ఉందో, ఆ పేజీలోనే, ఆ శీర్షిక మీదే, ‘ఇతను నిర్దోషి అని ఫలానా తేదీన కోర్టు చెప్పింది’ అని ఒక్క వాక్యం చేర్చండి. డెస్క్ మీద కూర్చున్నవాడికి అది ఒక్క నిమిషం పని. మా మరుపును మీరు తీసుకున్నారు. బదులుగా ఆ నిమిషమైనా మాకు ఇవ్వాలి.