రుచి మరిగి చదివే స్త్రీవాదం

1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ 'రాధికా సాంత్వనము' కావ్యాన్ని పరిష్కరించి అచ్చు వేయించారు. ఎందుకు వేయించారో పీఠికలో చెప్పుకున్నారు. ఆ కారణాల్లో నాకు బాగా నచ్చేది అన్నిటికంటే మామూలుది. ఎన్నిసార్లు చదివినా ఆ పుస్తకం మళ్లీ చదవాలనిపించిందట ఆమెకు.

పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఉన్న ముద్దుపళని రాసిన శృంగార కావ్యమది. రాధ తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి తానే పెళ్లి జరిపిస్తుంది. ఆ తర్వాత అసూయతో రగిలిపోతుంది, అలుగుతుంది. కృష్ణుడు వచ్చి కాళ్లావేళ్లా పడి బతిమాలుకోవాల్సి వస్తుంది. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు ఎగరగొట్టేశారు. కందుకూరి వీరేశలింగం ముద్దుపళని పాండిత్యాన్ని మెచ్చుకుంటూనే, ఆడది నోట పలకదగని రాతలని ఈసడించారు. నాగరత్నమ్మ ఊరుకోలేదు. సిగ్గన్నది ఆడవాళ్లకేనా, మగ కవుల పచ్చి శృంగారానికి ఈ తూకం వర్తించదా అని నిలదీశారు. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు చొరవతో ఆ నిషేధం తొలగింది.

సాహిత్య చరిత్రలు దీన్ని పోరాటంగా రాస్తాయి. పోరాటమే, కాదనను. కానీ దానికి ముందు ఒక పాఠకురాలు ఉంది. పద్యం రుచి మరిగి, ఆ రుచి పదిమందికీ అందకుండా చేస్తున్నారని కోపగించుకున్న పాఠకురాలు. తెలుగు స్త్రీవాద సాహిత్యం గురించి మాట్లాడేటప్పుడు మనం కోపం దగ్గర మొదలుపెట్టి కోపం దగ్గరే ఆగిపోతాం. ఆ పుస్తకాలు అంతమంది చేతుల్లోకి ఎలా వెళ్లాయో ఆలోచించం. అవి చదవడానికి బాగున్నాయి. అంత బాగుండటం వెనక పనితనం ఉంది.

ఆ పాఠకులు తయారైంది ఎక్కువగా వారపత్రికల దగ్గర. అరవైలు, డెబ్బైల్లో తెలుగు నవల ఆడవాళ్ల చేతుల్లోకి వచ్చింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు దొరికే కాస్త తీరిక సీరియల్‌ది. వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, దారంతో కుట్టి బైండు చేయించుకునేవారు. పేజీ వెనకవైపు సగం కార్టూను, సగం తలనూనె ప్రకటన ఉండేవి. కొనలేనివాళ్లకు అద్దె పుస్తకాల షాపులుండేవి. ఎదురింటావిడ నవల తీసుకెళ్లి తిరిగివ్వకపోతే మాటలు బందైపోయేవి.

ఈ నవలల్ని తేలిగ్గా తీసేయడం విమర్శకులకు సరదా. కారు దిగే ఆరడుగుల హీరో గురించి వేళాకోళాలు అందరం విన్నాం. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరం గుర్తున్నంతగా జయంతి గుర్తులేకపోవడం మన జ్ఞాపకాల లోపమనుకుంటాను. ఆమె ఉద్యోగం చేసే పిల్ల, అభిమానం గల పిల్ల. మాలతీ చందూర్ సంగతి ఇంకా విచిత్రం. వంటల పుస్తకం రాసిన చేతితోనే 'పాత కెరటాలు'లో విదేశీ నవలల్ని పరిచయం చేశారు. 'ఆంధ్రప్రభ' వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షిక దశాబ్దాలపాటు నడిపి, కూర గురించి అడిగినా కాపురం గురించి అడిగినా జవాబు చెప్పారు. ఒక తరం ఆడవాళ్లకు ప్రపంచ సాహిత్యం అలా వంటింటి పక్క నుంచే తెలిసింది.

ఇక రంగనాయకమ్మ 'స్వీట్ హోమ్'. విమల, బుచ్చిబాబుల కాపురం అది. భర్తగారి పెద్దరికం ఏ మాట దగ్గర ఎలా జారిపోతుందో నవ్విస్తూ చూపించిన నవల. నవ్వు చదివించింది. నవ్వాక ఎందుకు నవ్వామో తట్టేది. అదే పుస్తకం ఉపన్యాసంలా ఉంటే మగవాళ్లు కూడా లాక్కుని చదివేవాళ్లా?

ఎనభైలు, తొంభైల నాటికి స్త్రీవాదం పేరుతోనే కథలు, కవితలు వచ్చాయి. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన 'నీలిమేఘాలు' ఆ కవితల్ని ఒకచోట చేర్చింది. పేరు కొత్తదే గానీ సరుకు చాలావరకు ఇంట్లోదే. ఈ రచయిత్రులు వస్తువును ఎక్కడినుంచో తెచ్చుకోలేదు. ఆడవాళ్లు ఇళ్లలో తరాలుగా చెప్పుకున్న కథలు, పాడుకున్న పాటలు, సామెతలు తీసుకుని వాటి ముఖం మరోవైపు తిప్పారు. ఈ పని అత్యంత నేర్పుగా చేసిన కథ నా లెక్కలో పి. సత్యవతి 'ఇల్లలకగానే'.

చిన్నప్పుడు మనందరికీ చెప్పిన కథ ఒకటుంది. ఈగ ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరచిపోతుంది. పేదరాశి పెద్దమ్మను అడుగుతుంది, ఆమె కొడుకును అడుగుతుంది, అతని గొడ్డలిని, చెట్టును, చివరికి గుర్రాన్ని, గుర్రం కడుపులో పిల్లను. పిల్లలు పడీపడీ నవ్వే కథ. అడిగిన ప్రతివాళ్లనూ ముందు వాళ్ల వరసకు చేర్చి గుక్కతిప్పుకోకుండా చెప్పడంలో ఉంది దాని మజా.

సత్యవతి ఆ ఈగ స్థానంలో ఒక గృహిణిని పెట్టారు. పెళ్లవుతుంది. ఇల్లు నీదే, చక్కగా ఉంచుకో అంటాడు భర్త. ఆమె మురిసిపోయి అలుకుతుంది, ముగ్గులు పెడుతుంది, మెప్పులు పొందుతుంది. ఒకరోజు ఉన్నట్టుండి చూసుకుంటే పేరు గుర్తురాదు. పనిమనిషిని అడిగితే తనకు అమ్మగారు అనే తెలుసంటుంది. పిల్లలకు ఆమె అమ్మే. భర్తకు ఇదొక సమస్యగానే తోచదు. పేరు కోసం ఆమె పుట్టింటికి ప్రయాణం కడుతుంది. చివరికి చిన్ననాటి స్నేహితురాలు ఎదురై పేరు పెట్టి పిలిచేసరికి, ఒకప్పుడు బాగా చదువుకున్నదీ, పాటలు పాడినదీ, బొమ్మలు వేసినదీ అన్నీ వరసగా తిరిగొస్తాయి.

ఈ కథలో ఎవరూ దుర్మార్గులు కారు. భర్త కొట్టడు, అత్త సాధించదు. అందరూ మర్యాదగానే ఉంటారు, ఆ మర్యాదలోనే మనిషి మాయమైపోతుంది. దాన్ని సత్యవతి ఏడుపు గొంతుతో చెప్పలేదు, పిల్లల కథ చెప్పే గొంతుతోనే చెప్పారు. ఈగ కథ తెలిసిన పాఠకురాలికి ప్రతి మలుపూ ముందే తెలుసు. తెలిసిందే జరుగుతుంటే వచ్చే నవ్వూ, తెలిసిందే తన మీదికి వస్తుంటే కలిగే ఉలికిపాటూ ఒకేసారి తగులుతాయి. చదవడంలో ఉండే సుఖాల్లో ఇది పెద్ద సుఖం. శీర్షిక కూడా సగం సామెతే. మిగతా సగం చదివేవాళ్ల నోట్లో ఉంటుందని రచయిత్రికి తెలుసు.

అబ్బూరి ఛాయాదేవి పద్ధతి వేరు. ఆవిడ గొంతు పెంచరు. 'బోన్‌సాయ్ బ్రతుకు'లో పల్లెలో ఉండే అక్కయ్య పట్నంలో ఉద్యోగం చేసుకునే చెల్లెలి ఇంటికొస్తుంది. కుండీల్లో ముద్దుగా పెంచిన మరుగుజ్జు తురాయినీ దానిమ్మనూ చెల్లెలు గర్వంగా చూపిస్తుంది. అక్కయ్య ముచ్చటపడకపోగా బాధపడుతుంది. గాలివానలో జనానికి నీడనిచ్చే వీధిలోని పెద్ద తురాయిని చూశాక అసలు మాట ఆవిడ నోటనే వస్తుంది. చదువుకున్న చెల్లెలికి తట్టనిది చదువు ఆగిపోయిన అక్కకు తట్టడం ఈ కథలో అసలు కిటుకు. 'సుఖాంతం'లో ఒక ఆడమనిషి కోరేది ఒకే ఒకటి, కడుపునిండా నిద్ర. పుట్టినప్పటినుంచీ ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు. ఆమెకు నిద్ర ఎలా దొరికిందో తెలిశాక శీర్షిక వైపు మళ్లీ చూడబుద్ధి కాదు. అంత కఠినమైన వ్యంగ్యాన్ని అంత మెత్తగా రాసినవారు మనకు తక్కువ. ఆమె 'తన మార్గం' కథలకు 2005లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

పురాణాన్ని తిరగరాయడం స్త్రీవాదుల వింత పోకడ అనేవాళ్లు మన స్త్రీల పాటలు వినలేదనుకోవాలి. 'ఊర్మిళాదేవి నిద్ర' పాటలో, లక్ష్మణుడు అడవికి వెళ్లిన పద్నాలుగేళ్లూ ఊర్మిళ నిద్రపోతుంది. తిరిగొచ్చి పక్కన కూర్చున్న భర్తను పరాయివాడనుకుని, మావాళ్లకు తెలిస్తే నీ గతేమవుతుందో అని హెచ్చరిస్తుంది. ఆ పాటల రామాయణంలో యుద్ధాలకన్నా వేవిళ్లు, పురుళ్లు, అలకలే ఎక్కువ. పాడినవాళ్లకు ఏవి ముఖ్యమో అవే ఉన్నాయి.

2015లో అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా 'విముక్త' కథల్ని ఈ పాటల పక్కన పెట్టి చదివితే రుచి రెట్టింపవుతుంది. ఓల్గా ఊర్మిళ కూడా పద్నాలుగేళ్లు తలుపు మూసుకునే ఉంటుంది, కానీ నిద్రపోదు. ఒంటరిగా కూర్చుని ఆలోచిస్తుంది. 'సమాగమం'లో సీత శూర్పణఖను కలుసుకుంటుంది. ముక్కుచెవులు కోయించుకున్న శూర్పణఖ అందమైన తోట పెంచుకుంటూ కనిపిస్తుంది. మగవాళ్ల యుద్ధంలో ఎదురెదురు పక్షాలైన ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకోవడం, కథ మొత్తం అంతే. నిజం చెప్పాలంటే ఈ సంపుటిలో కొన్నిచోట్ల పాత్రలు మాట్లాడాల్సినదానికన్నా ఎక్కువ మాట్లాడతాయి. సత్యవతి అయితే ఆ మాటల్ని పాఠకులకు వదిలేసేవారు.

రుచి మరిగిన పాఠకులు పెట్టింది తిని ఊరుకోరు. జయప్రభ తన కవితలో 'పైటను తగలెయ్యాలి' అన్నప్పుడు ఊరంతా గగ్గోలు పెట్టింది. సంప్రదాయవాదుల గగ్గోలు ఊహించినదే. పట్టించుకోవాల్సిన జవాబు మరోవైపు నుంచి వచ్చింది. తెలంగాణ దళిత కవయిత్రి జూపాక సుభద్ర కొంగు మీద కవిత రాశారు. కూలికి పోయే ఆడమనిషికి కొంగు సిగ్గుకు కాపలా కాసే గుడ్డ మాత్రమే కాదు, చెమట తుడిచేదీ, మూట కట్టేదీ, పనిలో వెంట ఉండే తోడూ అదే. ఆమె కవిత ఆ అనుభవాన్ని తన యాసలో, తన లెక్కలో ముందుకు తెచ్చింది. గోగు శ్యామల కూర్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం 'నల్లపొద్దు' 2003లో వచ్చాక, అంతవరకు స్త్రీ అన్నప్పుడల్లా ఏ ఇంటి స్త్రీని తలుచుకుంటున్నామో చూసుకోక తప్పలేదు. కవయిత్రి విమల రాసిన 'వంటిల్లు' కవిత చదివి కదిలిపోయినవాళ్లు కూడా, ఆ వంటింట్లో గిన్నెలు తోమడానికి వచ్చే మనిషి ఏ కవితలో ఉందో వెతకాల్సి వచ్చింది.

జయప్రభ కవితనూ సుభద్ర కవితనూ ఒకే పూట, ఒకదాని తర్వాత ఒకటి, పైకి చదివి చూడండి. మొదటిది చదువుతున్నంతసేపూ అదే నిజమనిపిస్తుంది, రెండోది మొదలుపెట్టాక ఇది. నేను ఇన్నాళ్లూ ఎటూ తేల్చుకోలేదు, తేల్చుకునే తొందరా లేదు.