సూది మొన మీద ప్రాణం

ఉత్తర కెనడాలో మైనస్ 40 డిగ్రీల చలిలో, సీలు కోసం మంచులోని కన్నం దగ్గర గంటలకొద్దీ కదలకుండా కాపుకాసే ఇన్యుయిట్ వేటగాడి ఓర్పును అందరూ మెచ్చుకుంటారు. నేనైతే అతని ఒంటిమీది కోటు కుట్టిన ఇల్లాలికే ముందు దండం పెడతాను.

కారిబూ అనే అక్కడి దుప్పి తోలు ఆమె సరుకు. దాని వెంట్రుకల్లోనూ, వాటి మధ్యా చిక్కుకున్న గాలే వెచ్చదనం. కోటుకు రెండు పొరలు: లోపలిదాని బొచ్చు ఒంటివైపు, పైదాని బొచ్చు బయటికి.

అసలు పనితనం సీలు తోలు బూట్లలో చూడాలి. జంతువు వీపు స్నాయువును పీచులుగా చీల్చి దారం చేస్తారు. నీళ్లు లోపలికి చొరకుండా సూదిని తోలు పూర్తిగా దాటనివ్వరు. అది మందంలో సగం దాకా దిగి మళ్లీ పైకి తేలుతుంది. తడి తగలగానే ఆ దారం ఉబ్బి కన్నాన్ని పూడ్చేస్తుంది. ఒక్క కుట్టు వదులైతే కాలివేళ్లకే ముప్పు. మన దర్జీ కుట్టు ఊడితే మహా అయితే నలుగురిలో నవ్వులపాలవుతాం!

నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ 1903-05లో నెట్‌సిలిక్ ఇన్యుయిట్ల మధ్య ఉండి ఈ దుస్తుల కిటుకులు నేర్చుకున్నాడు. 1911లో దక్షిణ ధ్రువానికి బయల్దేరినప్పుడు అతని బృందం వెంట ఆ తరహా బొచ్చు దుస్తులు కూడా ఉన్నాయి.