పూనుకున్నవాడికి పేరేది?

మా చాండ్లర్‌లో ఓ చిప్పుల కంపెనీలో పదేళ్ళకు పైగా పనిచేసిన మిత్రుడొకడు ఆ మధ్య ఉద్యోగం మానేసి సొంతంగా చిన్న కంపెనీ పెట్టాడు. తెనాలి నుంచి వాళ్ళమ్మగారు ఫోనులో "ఇప్పుడేం చేస్తున్నావురా?" అని అడిగితే "ఆంత్రప్రెన్యూర్‌నమ్మా" అన్నాడట. ఆవిడ కాసేపు ఆగి, "అంటే ఉద్యోగం లేదన్నమాట" అన్నారట. విని మేమంతా నవ్వాం. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు. కొడుకు చేస్తున్న పనికి ఆవిడ భాషలో, అంటే మన భాషలో, సరైన పేరు లేదు.

పత్రికలవాళ్ళు వాడే మాట "పారిశ్రామికవేత్త". వేత్త అంటే తెలిసినవాడు. శాస్త్రం తెలిసినవాడు శాస్త్రవేత్త, తత్త్వం తెలిసినవాడు తత్త్వవేత్త. కానీ కంపెనీ పెట్టేవాడి అసలు ఇబ్బందే తెలియకపోవడం. రేపు సరుకు అమ్ముడవుతుందో లేదో తెలియకుండానే ఇవాళ అద్దె కట్టేవాడతను. పైగా ఈ మాట వినగానే పొగగొట్టాలు, పెద్ద పెద్ద గేట్లు కళ్ళముందు కదులుతాయి. గరాజ్‌లో రెండు లాప్‌టాప్‌లు పెట్టుకు కూర్చున్నవాణ్ణి ఆ మాట అనడానికి నోరు రాదు. అందుకని "ఔత్సాహిక" అని ముందు తగిలించారు. ఔత్సాహిక నాటక సమాజం అంటే వృత్తిగా కాక సరదా కొద్దీ నాటకాలు వేసుకునేవాళ్ళు. ఇల్లు తాకట్టు పెట్టి దిగినవాడిది సరదా అందామా? "వ్యవస్థాపకుడు" కాస్త నయమే గానీ, అది వ్యవస్థంటూ నిలబడ్డాక ఇచ్చే బిరుదు. నిలబడేదాకా అతణ్ణి ఏమనాలి?

ఇంగ్లీషువాళ్ళకీ ఈ మాట సొంతం కాదు. ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారు. ఆ భాషలో దాని మూలార్థం పూనుకోవడం, చేపట్టడం. దీన్ని అర్థశాస్త్రంలో నిలబెట్టినవాడు రిచర్డ్ కాంటిలాన్ అనే ఐరిష్ బ్యాంకరు. అతని పుస్తకం అతను పోయిన ఎన్నో ఏళ్ళకు, 1755లో అచ్చయింది. ఇచ్చేది ఖాయం, వచ్చేది అనుమానం, ఇలా బతికేవాడే అతని దృష్టిలో ఆంత్రప్రెన్యూర్. అందుకతను చూపిన ఉదాహరణల్లో ముఖ్యమైనవాడు ఎవరనుకున్నారు? భూస్వామికి ఇంతని ఒప్పుకుని, పంట ఎంతొస్తుందో తెలియకుండా దుక్కి దున్నే కౌలు రైతు! అంటే గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఈ మనిషి మనకు తరతరాలుగా తెలుసు. అతణ్ణి ఆ పేరుతో పిలవాలనే మనకు తోచలేదు.

పోనీ మనకసలు మాట లేదా అంటే, ఉండేది. సంస్కృతంలో ఉద్యోగమంటే ప్రయత్నం, పూనిక, సన్నాహం. భారతంలో ఉద్యోగపర్వం పాండవులు కొలువుల్లో చేరిన కథ కాదు. ఆ కొలువులన్నీ విరాటపర్వంలోనే అయిపోయాయి! కొలువులు వదిలి యుద్ధానికి సిద్ధపడటం ఉద్యోగపర్వం. హితోపదేశంలో, ఉద్యోగినే లక్ష్మి వరిస్తుందని చెప్పే శ్లోకం కూడా నెలజీతగాణ్ణి ఉద్దేశించి రాసింది కాదు. ఆ మాట హిందీలో పరిశ్రమ అయింది, మన దగ్గర జీతం అయింది. తెగించేవాడి పేరు తీసి జీతం అందుకునేవాడికి ఇచ్చేశాం. "ఉద్యోగం పురుషలక్షణం" అనే సామెత కూడా అర్థం తిరగబడి, సంబంధాలు చూసేటప్పుడు పనికొస్తోంది. దాని తోబుట్టువు "ఉద్యమం" మనకు ఊరేగింపులూ ధర్నాలూ అయింది. పక్కనే కన్నడిగులు మాత్రం కంపెనీ పెట్టినవాణ్ణి హాయిగా ఉద్యమి అంటారు. మలయాళీలు సంరంభకన్ అంటారు. మనకు సంరంభమంటే పెళ్ళింటి హడావిడి!

మాట లేనంత మాత్రాన పని ఆగిందా అని మీరడగవచ్చు. ఆగలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. ఆ డబ్బుతో 1908లో అక్కడే ఆంధ్రపత్రిక స్థాపించారు. మనం ఆయన్ని దేశోద్ధారక అన్నాం, విశ్వదాత అన్నాం. రెండూ తగిన బిరుదులే. కానీ రెండూ ఆయన ఇచ్చినదానికి పెట్టిన పేర్లు. ఇవ్వడానికి ముందు, చేతిలో సీసా పట్టుకుని ఎవరు కొంటారో తెలియక తిరిగిన మనిషికి పేరు పెట్టలేదు.

అమెరికాలో మన భయాలకు భాష ఒక్కటే కారణమని నేననను. వీసా ఉద్యోగానికి ముడిపడి, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళకేళ్ళు కాచుకునేవాడికి తెగించమని చెప్పడం తేలిక. కానీ ఆ కార్డు వచ్చి, పిల్లలు కాలేజీకొచ్చాక కూడా, విందుల్లో కొత్తవాళ్ళను మనం అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడ చేస్తున్నారు?" అనే. దానికి జవాబు ఏదో ఒక కంపెనీ పేరే కావాలి. మనముంటున్న ఈ ఊరి పేరు డాక్టర్ చాండ్లర్‌ది. ఆయన అరిజోనా ప్రాంతానికి తొలి పశువైద్యాధికారి. ఆ కొలువు వదిలి కాలువల మీదా భూముల మీదా పడ్డాడు, 1912లో ఈ ఊరి స్థలాలు అమ్మకానికి పెట్టాడు. 1930ల మాంద్యంలో తను కట్టిన హోటలే చేజారిపోయింది. ఆయన్ని మన విందుకు పిలిచి ఎక్కడ చేస్తున్నారని అడిగితే ఏం చెప్పేవాడు?

ఉద్యోగాన్ని వెనక్కి తెచ్చుకోవడం ఇక మన వల్ల కాదు. అచ్చతెలుగులో "పూనిక" ఉంది. వాటాదారు, కౌలుదారుల వరసలో "పూనికదారు" అందామని నా మనవి. గెలుపోటములతో పనిలేని మాట ఇది. తలకెత్తుకున్న రోజు నుంచే చెల్లుతుంది. నచ్చకపోతే మరొకటి చెప్పండి, సంతోషంగా వాడతాను.

మా మిత్రుడు ఆ రోజు ఫోనులో "ఓ పని పూనుకున్నానమ్మా" అని ఉంటే ఆవిడకు దిగులు తప్పేది కాదు. "అది అయ్యేదేనా నాయనా?" అని అడిగేవారు. కానీ కొడుకు ఖాళీగా ఉన్నాడని మాత్రం అనుకునేవారు కాదు.