మాటకు మాట సమానమేనా? - పరభాషా బోధనలో ‘కల్చురా’ ప్రయోగం

పరభాషను అభ్యసించే విద్యార్థికి నిఘంటువు చేసే మేలు ఎంతటిదో, అది కలిగించే భ్రమ కూడా అంతటిదే. ఒక భాషలోని మాటకు ఎదురుగా మరొక భాషలోని మాటను నిలిపి, రెండూ ఒకటేనన్న నమ్మకాన్ని అది పెంచుతుంది. ఈ నమ్మకాన్ని ప్రశ్నించడమే ప్రధాన పాఠంగా 1997లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ‘కల్చురా’ అనే ప్రయోగం ఆరంభమైంది. జిల్బెర్త్ ఫ్యుర్స్టెన్‌బర్గ్, సబీన్ లెవే, షోగీ వారిన్ దీని రూపకర్తలు.

విధానం సరళమైనదే. అమెరికాలో ఫ్రెంచి నేర్చుకొనేవారు, ఫ్రాన్సులో ఇంగ్లీషు నేర్చుకొనేవారు ఒకే ప్రశ్నావళికి ఎవరి భాషలో వారు సమాధానాలు వ్రాస్తారు. ఒక మాట వినగానే స్ఫురించే పదాలు కొన్ని, ‘మంచి తల్లి లేదా తండ్రి అంటే’ వంటి అసంపూర్ణ వాక్యాలు కొన్ని, దుకాణంలో ఒక తల్లి బిడ్డను చెంపదెబ్బ కొట్టడం చూస్తే ఏమి చేస్తారన్నటువంటి సన్నివేశాలు కొన్ని. ఉభయుల జవాబులు ఇంటర్నెట్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి. వాటిని పోల్చి చూచి, కలిగిన సందేహాలను అవతలివారినే అడిగి తెలుసుకోవడమే పాఠం. ఆ తరువాత పత్రికలు, అభిప్రాయ సేకరణలు, చలనచిత్రాలు వస్తాయి. ఒక ఫ్రెంచి చిత్రం 1985లో వెలువడితే, 1987లో అమెరికన్లు దానినే ‘త్రీ మెన్ అండ్ ఎ బేబీ’ పేరుతో తిరిగి నిర్మించారు. ఒకే కథ సముద్రం దాటినప్పుడు ఏమేమి మారిందో విద్యార్థులు పరిశీలిస్తారు.

ఫలితాలు ఆలోచింపజేసేవి. ‘వ్యక్తివాదం’ అన్న మాటకు అమెరికన్ విద్యార్థులలో స్వేచ్ఛ, సృజన వంటి భావాలు మేల్కొంటే, ఫ్రెంచి విద్యార్థులకు తొలుత స్ఫురించేది స్వార్థం. ఇంగ్లీషు ‘సబర్బ్’కూ, ఫ్రెంచి ‘బాన్లియూ’కూ అర్థం నగర శివారే. అయితే మొదటిది పచ్చిక ముంగిళ్ల మధ్యతరగతి ఇండ్లను తలపిస్తే, రెండవది ఎత్తైన ప్రభుత్వ గృహ సముదాయాలను, వలస కుటుంబాలను, నిరుద్యోగాన్ని గుర్తుకు తెస్తుంది. ఈ తేడాను నిఘంటువు చెప్పజాలదు.

ఎవరి భాషలో వారు వ్రాయాలన్న నియమం ఈ ప్రయోగానికి ప్రాణం. పరభాషలో తడబడేవాడు తనకు తెలిసిన మాటల మేరకే ఆలోచనను కుదించుకొంటాడు. మాతృభాషలో ఆ కొరత ఉండదు. పైగా రెండు భాషలకూ సమాన గౌరవం దక్కుతుంది. పరభాషలో వ్రాసే సాధన తగ్గుతుందన్న ఆక్షేపణ ఉంది. ఆ సాధన తరగతి గదిలోని చర్చలో జరగవలసి ఉంటుంది.

విస్మరించరాని లోపం మరొకటి. ఉన్నత విద్యాసంస్థలలోని కొద్దిమంది జవాబులు ‘ఫ్రెంచివారు’, ‘అమెరికన్లు’ అన్న జాతీయ చిత్రాలుగా మారే ప్రమాదం ఇందులో పొంచి ఉంది. బాన్లియూ గురించి అక్కడ నివసించే యువకుడు చెప్పే మాట వేరుగా ఉండవచ్చు. సెనెగల్, క్యూబెక్ ప్రజల ఫ్రెంచి ఈ జంట పోలికలో చోటు చేసుకోదు. పోలిక ఎంత ఆకర్షణీయమో, అంతర్వైవిధ్యాన్ని అంతగా కప్పివేయగలదు.

బహుభాషా దేశమైన భారతదేశానికి ఈ గుణదోషాలు రెండూ పాఠాలే. ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కార్యక్రమం 2015లో ప్రకటితమైంది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్, తెలంగాణకు హర్యానా జంటలయ్యాయి. పొరుగు భాషలోని పలకరింపులు, చిన్న వాక్యాలు నేర్పడం మంచి ఆరంభమే కాని, అది గుమ్మం వద్ద పరిచయం మాత్రమే. ‘పరువు’, ‘చుట్టరికం’, ‘అతిథి’ అన్న మాటలు వినగానే గుంటూరు విద్యార్థికీ, లూధియానా విద్యార్థికీ ఏమి స్ఫురిస్తుందో వారి వారి భాషలలోనే వ్రాయించి, ఎదురెదురుగా ఉంచితే గుమ్మం దాటి లోపలికి అడుగు పడుతుంది. పల్లె, పట్టణం, భిన్న వృత్తుల కుటుంబాలు, స్త్రీ పురుషులు అందరి జవాబులకూ అందులో చోటుండాలి. అప్పుడే అది రాష్ట్రాల ప్రదర్శన కాక, మనుషుల సంభాషణ కాగలదు.