కుడికి లేచు వెలుగు

విదేశములనుండి తెప్పించిన హెడ్‌లైట్లను కార్లకు బిగించుకొను మోజు మన ప్రాంతములలో గూడ కనబడుచున్నది. వాని అద్దముల పనితనము మెచ్చదగినదే. కాని అవి ఏ దేశపు రోడ్డుకై తయారైనవో కొనువారు విచారింపరు.

డిమ్ వేసినపుడు వెలుగు రెండు ప్రక్కల సమానముగా పడదు. ఎదురుబండి వచ్చు వైపున దాని పై అంచు అణగి యుండును. రోడ్డు అంచు వైపున, ఐరోపా పద్ధతిలో, 15 డిగ్రీలు పైకి లేచును. బాటసారి కనబడుటకే ఈ ఏర్పాటు. జర్మనీలో బండ్లు కుడిప్రక్కన నడచును గనుక అచటి దీపము కుడికి లేచును. దానినే తళ్లాడనుండి జూలూరుపాడు మీదుగా కొత్తగూడెము పోవు కారుకు బిగించినచో ఏమగును? ఆ వెలుగు ఎదురు లారీ డ్రైవరు కన్నులలో పడును. ఎడమ అంచున పోవు సైకిలువాడు మసకలోనే మిగులును. మిరుమిట్లుగొన్న కన్ను తేరుకొనుటకు కొన్ని సెకండ్లు పట్టును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున లారీ సెకండుకు దాదాపు 17 మీటర్లు సాగును.

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 106వది ఈ సంగతినే చెప్పుచున్నది: దీపమునకు 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిగా, 1.5 మీటర్ల ఎత్తున నున్న కంటికి మిరుమిట్లు కలుగరాదు. కుడిగా అను మాటను గమనింపవలెను.

దీపమును కొంచెము క్రిందికి వంచిన చాలునని బిగించువారందురు. వంచినచో దారి కురచగా కనబడును. కుడివైపు అంచు మాత్రము తక్కినదానికంటె ఎత్తుగానే యుండును.