నొప్పి తెలియని పాదానికి చెప్పు

కందుకూరు చేలగట్ల మీద పల్లేరుకాయ గుచ్చుకుంటే కాలు ఠక్కున పైకి లేస్తుంది. ఆ పని చర్మం పైపొర దాకా పాకిన సన్న నరాల పోగులది. చాలావాటి మందం మిల్లీమీటరులో వెయ్యో వంతే. నొప్పి, వేడి, చల్లదనం తెలిపేవి అవే. చెమట పట్టించేది, గాయం చుట్టూ రక్తప్రసారం పెంచి మానేలా చేసేది కూడా అవే.

అవి దెబ్బతింటే చెమట పట్టదు, చర్మం ఎండి మడమలు పగులుతాయి. పగులు పుండవుతుంది. నొప్పి ఉండదు కాబట్టి మనిషి దాని మీదే నడుస్తాడు. 1873లో హాన్సెన్ కనుగొన్న కుష్ఠు క్రిమి చేసేది ఇదే. ఇవాళ షుగరు వ్యాధి కూడా అరికాళ్ల మంటలతో, తిమ్మిర్లతో మొదలుపెట్టి చాలామందిని ఇక్కడికే తెస్తోంది.

అలాంటి పాదం కోసం తయారైందే ఎంసీఆర్ చెప్పు, అంటే మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పు. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ బృందం ఈ రబ్బరును కుష్ఠు రోగుల పాదరక్షలకు వాడుకలోకి తెచ్చింది. చూడటానికి మామూలు చెప్పే. చేతిలోకి తీసుకుంటేనే పనితనం తెలుస్తుంది. లోపలి అట్ట నిండా కంటికి ఆనని గాలి గదులు. మెత్తదనం షోర్ కొలతలో 15 దగ్గర ఉండాలి. మరీ మెత్తనైతే నాలుగు రోజులకే అణిగిపోతుంది, గట్టిదైతే ఒత్తిడంతా ఒకేచోట పడి పుండు లేస్తుంది. కింద గట్టి అడుగు, ముల్లు దిగకుండా.

ఇందులో ఒక్క మేకు ఉండదు. మేకు పైకి తేలితే ఆ పాదానికి తెలియదు గనక అంతా దారంతో, జిగురుతోనే. పట్టీలు వెడల్పు, అంచులు ఒరుసుకోకుండా మెత్తన. అన్నిటికన్నా నాకు గొప్పగా తోచేది మడమ వెనక పట్టీ. మనం చెప్పును కాలివేళ్లతో తెలియకుండానే పట్టుకుని నడుస్తాం. స్పర్శ లేని కాలి నుంచి చెప్పు జారిపోయినా మనిషి గమనించడు. ఆ పట్టీ కుట్టినవాడు రోగి నడకను ఎంత శ్రద్ధగా చూసి ఉండాలి!

పోయిన చెమటను మాత్రం చెప్పు తిరిగి ఇవ్వలేదు. అందుకే కుష్ఠు వల్ల స్పర్శ పోయినవారు రోజూ పాదాలు చల్లని నీళ్లలో కాసేపు నానబెట్టి, తడి ఆరకముందే నూనె రాసుకోవాలి. స్పర్శ పోయినవారెవరైనా పగుళ్ల కోసం రోజూ అరికాలు చూసుకోవాలి.

కుష్ఠు వల్ల పాదాల స్పర్శ పోయినవారికి ప్రభుత్వం ఈ చెప్పులు ఉచితంగా ఇస్తుంది. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కనిపించినా, అరికాళ్లు మొద్దుబారినా ఆశా కార్యకర్తకు చెప్పండి, ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి.