మూత విప్పి చూడాల్సిన వాచీలు

డాలస్ ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉన్న కాపెల్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ప్రమోషన్ వచ్చిందనో, నలభయ్యో పుట్టినరోజనో మంచి వాచీ కొనాలనుకున్న మనవాళ్ళు ఎక్కువగా చూసేది కొత్త స్టీలు స్పోర్ట్స్ వాచీల వైపే. అదే చుట్టుపక్కల వారాంతపు ఎస్టేట్ సేల్స్‌లో, డాలస్ వేలం సంస్థల కేటలాగుల్లో 1950, 60ల నాటి పల్చటి బంగారు వాచీలు తక్కువ ధరకే అమ్ముడుపోతుంటాయి. చేతిపనికి విలువిచ్చేవాళ్ళు ముందుగా చూడాల్సింది వీటినే.

తోలు బెల్టు, రెండో మూడో ముళ్ళు, 31 నుంచి 35 మిల్లీమీటర్ల వెడల్పు, చొక్కా కఫ్ కిందికి జారిపోయే పల్చదనం: డ్రెస్ వాచీ అంటే ఇంతే. పెళ్ళిలో మామగారు అల్లుడికి పెట్టిన వాచీల్లో, 1961లో బెంగళూరులో తయారీ మొదలుపెట్టిన హెచ్‌ఎంటీ కీ వాచీల్లో ఈ పోలికే చాలామంది చూసి ఉంటారు. 1969 డిసెంబరు 25న సీకో తొలి క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టాక స్విస్ పరిశ్రమ కుదేలైంది. తర్వాత మెకానికల్ వాచీలకు మళ్ళీ ఆదరణ వచ్చింది కానీ, దాన్ని అందుకున్నవి పెద్ద స్టీలు వాచీలు. చిన్న బంగారు వాచీలు వెనకబడ్డాయి. ఎన్నో కేసులు బంగారం కోసం కొలిమిలో కరిగిపోయాయి.

వాచీని పల్చగా చేయడం చాలా కష్టమైన పని. చక్రాల మధ్య ఖాళీ తగ్గేకొద్దీ పొరపాటుకు చోటుండదు. ఒక చక్రం వెంట్రుకవాసి ఒరిగినా పక్కదానికి రాసుకుని మెషీన్ ఆగిపోతుంది. వాషెరాన్ కాన్‌స్టాంటిన్ 1955లో తెచ్చిన 1003 మెషీన్ మందం 1.64 మిల్లీమీటర్లు. మన జేబులోని క్వార్టర్ నాణెం మందం 1.75. స్ప్రింగూ, చక్రాలూ, కెంపురాళ్ళూ అన్నీ అంతకన్నా తక్కువలో ఇమిడాయి. 1957లో పియాజే చేసిన 9పి మెషీన్ మందం 2 మిల్లీమీటర్లు. కీ ఇవ్వక్కర్లేని ఆటోమేటిక్‌లో తిరిగే బరువు మెషీన్ పైన కూర్చుని మందం పెంచుతుంది. ఆ బరువును చిన్నది చేసి మెషీన్ లోపలే అమర్చే మైక్రో రోటర్‌ను యూనివర్సల్ జెనీవ్, బ్యూరెన్ కంపెనీలు 1950ల్లో తెచ్చాయి. 1960 నాటి పియాజే 12పి ఆ పద్ధతిలోనే 2.3 మిల్లీమీటర్లకు దిగింది.

మార్కెట్ చూపు ఎంత పైపైనదో చెప్పడానికి ఒక మెషీన్ చరిత్ర చాలు. జేగర్ లెకూల్టర్ 1967లో 2.45 మిల్లీమీటర్ల ఆటోమేటిక్ మెషీన్, 920, తయారుచేసింది. తన వాచీల్లో వాడుకోకుండా పాటెక్ ఫిలిప్, ఆడెమార్ పిగే, వాషెరాన్‌లకు ఇచ్చింది. ఆడెమార్ పిగే దాన్ని 2120 అన్న పేరుతో పల్చటి బంగారు వాచీల్లో పెట్టింది. దానికే తేదీ చక్రం జోడించి 2121గా మార్చి 1972లో రాయల్ ఓక్ అనే స్టీలు వాచీలో బిగించింది. ఈ రోజు ఆ స్టీలు వాచీ కోసం జనం పోటీపడతారు. అదే మెషీన్ ఉన్న బంగారు డ్రెస్ వాచీ అందులో కొంత ధరకే దొరుకుతుంది. ఈ తేడా పనితనంలోది కాదు, ఫ్యాషన్‌లోది.

అమెరికాలో మరో సౌలభ్యం ఉంది. దిగుమతి సుంకాల భారం వల్ల ఆ రోజుల్లో స్విస్ కంపెనీలు చాలాసార్లు మెషీన్ మాత్రమే పంపి, కేసును ఇక్కడే చేయించేవి. జేగర్ లెకూల్టర్ వాచీల డయల్ మీద ఇక్కడ ‘లెకూల్టర్’ అని మాత్రమే ఉండేది. పేరు సగమే ఉందని, కేసు స్విస్ కాదని చాలామంది కలెక్టర్లు వీటిని పక్కనపెడతారు. రిటైరైన ఉద్యోగికి కంపెనీ ఇచ్చిన వాచీ అయితే వెనక మూత మీద చెక్కిన పేరు ఉంటుంది, దాంతో ధర ఇంకా తగ్గుతుంది. లోపలి మెషీన్‌కు వీటితో పనిలేదు.

కొనేముందు డయల్‌ను భూతద్దంలో చూడాలి. అక్షరాల అంచులు మెత్తబడి, నిమిషాల గీతలు అంకెలతో కలవకపోతే కొత్తగా రంగు వేసినట్టే. ఇండియా నుంచి ఆన్‌లైన్‌లో వచ్చే పాత స్విస్ వాచీల్లో ఇది బాగా కనిపిస్తుంది. బెల్టు పట్టే కొమ్ముల అంచులు గుండ్రంగా అరిగితే పాలిష్ ఎక్కువైందని అర్థం. 18 క్యారెట్ల పాత స్విస్ కేసులో స్త్రీ తల ముద్ర, 14 క్యారెట్లదానిలో ఉడుత ముద్ర ఉంటాయి. ‘గోల్డ్ ఫిల్డ్’ అని ఉంటే అది బంగారు రేకు అతికిన చవక లోహం. తర్వాత మూత విప్పించాలి. అమెరికాకు వచ్చిన మెషీన్ల మీద మూడక్షరాల దిగుమతి కోడ్ ఉండేది: ఒమెగాకు ఓఎక్స్‌జీ, లాంజీన్స్‌కు ఎల్‌ఎక్స్‌డబ్ల్యూ, యూనివర్సల్‌కు యూఓడబ్ల్యూ. డయల్ పేరుకూ కోడ్‌కూ పొంతన లేకపోతే మెషీన్ మార్చి ఉండవచ్చు. తుప్పు ఉందా, స్క్రూల గాడులు చెడ్డాయా చూడాలి. సర్వీసింగ్ ఖర్చును ధరలో కలిపే లెక్కవేయాలి. కొన్నాక నీళ్ళు తగలనివ్వకూడదు.

ఎవరూ చూడని మూత లోపల కూడా ఈ మేలైన వాచీలు చేసిన పనివాళ్ళు అంచులను చేత్తో నునుపు చేశారు. ఆ శ్రమను గుర్తుపట్టేవాళ్ళు ఉంటేనే వాచీ కొలిమికి పోకుండా ఇంకో తరానికి అందుతుంది. డబ్బు కన్నా చదువూ ఓపికా ఎక్కువ అవసరమైన సేకరణ ఇది. కాపెల్‌లో ఈ రెండింటికీ కొదవలేదు. వచ్చే శుభకార్యానికి పిల్లల చేతికి వాచీ పెట్టాలనుకుంటే, షోరూముకు వెళ్ళేముందు ఒక పాత వాచీ మూత విప్పించి చూడండి.